పూర్తి ఫార్మాట్

అక్కా,

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. మూడేళ్లుగా చేస్తున్నది అదే. అందుకే షాపు షట్టరు సగం దించి, కౌంటరు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నీ డిస్కు పాడవలేదు. బావ వల్ల పోలేదు. నేనే చెరిపేశాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ కంప్యూటరు నత్తలా నడుస్తోందని, కొత్త సిస్టమ్ వేసి పెట్టమని తెచ్చిచ్చావు. అందులో డిస్కు రెండు భాగాలుగా ఉండేది. మొదటి దాంట్లో సిస్టమ్, రెండో దాంట్లో నీ రికార్డింగులు. వినికిడి లేని పిల్లల బడిలో పదకొండేళ్లపాటు నువ్వు మాట నేర్పిన ప్రతి బిడ్డ నోటి నుంచి వచ్చిన మొదటి మాట. మొదటి భాగం మరీ ఇరుకైపోయింది. రెండూ తీసేసి, కొలతలు మార్చి మళ్లీ పంచుదామనుకున్నాను. ముందుగా నీ రికార్డింగులు వేరే డిస్కులోకి కాపీ పెట్టాను. అప్పుడే నువ్వు ఫోన్ చేశావు. "అన్నీ భద్రంగా తీశావా?" అన్నావు. "నాకు చెప్పాలా అక్కా, వెన్నతో పెట్టిన విద్య!" అన్నాను. తెర వైపు చూడకుండానే అన్నాను. ఆ కాపీ మొదట్లోనే ఏదో ఫైలు దగ్గర ఆగిపోయి, నా జవాబు కోసం కూర్చుని ఉంది. నేను చూసుకోలేదు.

"ఈ భాగంలో ఉన్నదంతా పోతుంది, సరేనా?" అని కంప్యూటరు అడిగింది. రోజుకు పదిసార్లు అడుగుతుంది, పదిసార్లూ సరే నొక్కుతాను. రెండు భాగాలకూ నొక్కాను. అక్కడితో ఆగినా తిరిగి తెచ్చేదాన్ని. భాగం తీసేస్తే హద్దు మాత్రమే పోతుంది, లోపలి సరుకు అలాగే ఉంటుంది. మామూలు గిరాకీలకు నిమిషంలో అయిపోయే ఫార్మాట్ చేసి పంపేస్తాను. దాని తర్వాత కూడా చాలావరకు దక్కించుకోవచ్చు. కానీ వచ్చింది మా అక్క కంప్యూటరు. పని శుభ్రంగా ఉండాలని పూర్తి ఫార్మాట్ పెట్టాను. అది మూలమూలకూ వెళ్లి పాతదాని మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. మూడు గంటలు పట్టింది. నీ మీద ప్రేమ కొద్దీ చేశానక్కా ఆ పని.

సాయంత్రం నువ్వొచ్చి నవ్వుతూ నిలబడేసరికి కాపీ మధ్యలోనే ఆగిపోయిందని నాకు తెలిసి గంటయింది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "పోయిన వారం బావ కింద పడేశాడు కదా, అప్పుడే దెబ్బతిన్నట్టుంది. డిస్కు పూర్తిగా పోయిందక్కా." బల్బు మారుస్తూ బావ కంప్యూటర్ని బల్ల మీంచి తోసేసిన మాట నిజమే. దానికి ఏమీ కాలేదన్నదీ అంతే నిజం. నువ్వు పాత డిస్కు విప్పించి తీసుకుని వెళ్లిపోయావు.

ఆ తర్వాత నీ ఇంట్లో ఏం జరిగిందో కళ్లారా చూశాను. నీ దగ్గర మాట నేర్చుకుని, తర్వాత చనిపోయిన కూతురి గొంతు ఒక్కసారి వినిపించమని ఒక తల్లి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. "మావారు పడేశారండీ, అంతా పోయింది" అన్నావు నువ్వు. బావ అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చాడు, వేళ్లకు బైండింగు జిగురు ఇంకా ఆరలేదు. ఆవిడ ముందు తల వంచి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడి నా చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. అప్పటినుంచి ఆయన మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. వెయ్యి పేజీల పుస్తకాన్ని వంకర లేకుండా కుట్టే మనిషి!

మొన్న మధ్యాహ్నం బావ షాపుకొచ్చాడు. సంచీలోంచి గుడ్డలో చుట్టిన నీ పాత డిస్కు తీశాడు. "కొత్త పద్ధతులేవో వచ్చాయంట కదా. ఇంకొక్కసారి చూడమ్మా. ఆ ఒక్క పాప గొంతు దొరికినా చాలు. అక్కకు మాత్రం ఇప్పుడే చెప్పకు, ఆశపడుతుంది" అన్నాడు. "చూస్తాను బావా" అన్నాను. ఏం చూడను? ఆయన వెళ్లాక తగిలించి చూస్తే, ఆ రోజు నేను చేసిన ఖాళీ అలాగే ఉంది.

ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం లేక నీకు రాస్తున్నాను. నన్ను గడప తొక్కనివ్వకపోయినా సరే. బావకు నువ్వే చెప్పు. వీలైతే నన్ను క్షమించు.

నీ పిచ్చుక

* * *

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. అందులో నాకు తెలియనిది ఒక్కటే, బావ నీ దగ్గరికి రావడం.

డిస్కు నీ దగ్గర తీసుకున్న పదో రోజునే, మా బడి దగ్గర రిపేరు చేసే పెద్దాయనకు చూపించాను. నీ మీద అనుమానంతో కాదు, ఆశతో. ఆయన గంటసేపు చూసి, "డిస్కు గుండ్రాయిలా ఉందమ్మా. ఎవరో పాత భాగాలు తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టారు. ఇంత ఓపిగ్గా చేసిన వాళ్లెవరు?" అన్నాడు. నేను చెప్పలేదు.

నువ్వే వచ్చి చెబుతావని చూశాను. వారం, నెల. ఆ తల్లి వచ్చిన రోజు "మావారు పడేశారండీ" అన్నది తెలిసే అన్నాను. నీ ముఖం చూస్తూ అన్నాను, ఇప్పుడైనా నోరు విప్పుతావేమోనని. నువ్వు విప్పలేదు. ఆయన తల వంచాడు. అప్పటికైనా నేను ఆపొచ్చు. ఆపలేదు.

ఎందుకో కూడా రాస్తాను. నువ్వు కడుపు చించుకున్నాక నేను దాచుకోవడం న్యాయం కాదు. మాకు పిల్లలు లేరని నాలుగు వీధులకూ తెలుసు, మేమిద్దరమే ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాళ్లం కాదు. ఒక రోజు నేను ఆ రికార్డింగులు వింటూ కూర్చుంటే, "ఎవరి పిల్లల మాటలో ఇంత భద్రంగా దాచుకుంటావు, మనకంటూ ఏముంది?" అన్నాడు మీ బావ. ఒక్కసారే అన్నాడు. మర్నాటికి మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. మీ బావ మంచివాడే. మంచివాడితో పోట్లాడటానికి కారణం దొరకదు, దొరికినా నలుగురూ నన్నే తప్పుపడతారు. నీ అబద్ధం నాకు ఆ కారణం తెచ్చి చేతిలో పెట్టింది. మూడేళ్లు దాన్ని వాడుకున్నాను. ఆయన ముందు గదిలో పడుకున్నాడు, నేను అడిగినదానికే జవాబు చెప్పాడు, ఏ వస్తువు తాకినా నా వైపు చూసి తాకాడు. చూస్తూ ఊరుకున్నాను.

నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. ముఖం తేటపడుతుందనుకున్నాను. కాసేపు తేటపడింది కూడా. "పాపం, చిన్నపిల్ల. ఎంత భయపడి ఉంటుందో" అన్నాడు నీ గురించి. తర్వాత నన్ను అడిగాడు:

"నీకు ఇవాళే తెలిసిందా?"

అవునంటే సరిపోయేది. మేమిద్దరం కలిసి నిన్ను నాలుగు తిట్టుకుని, మళ్లీ ఒక గదిలో పడుకునేవాళ్లం. కానీ నాకు నోరు రాలేదు.

"పదో రోజునే తెలిసింది" అన్నాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకున్నాడు. నాలుగు రోజులైంది, ప్రెస్సులోనే ఉంటున్నాడు. ఫోన్ చేస్తే యజమాని ఎత్తాడు. "బానే ఉన్నాడమ్మా. పని చేసుకుంటున్నాడు. మాట్లాడను అన్నాడు" అని పెట్టేశాడు.

క్షమించమన్నావు. మనిద్దరం ఒకరినొకరు క్షమించుకోవడం ఎంత పని? పక్కపక్కన కూర్చుని ఏడ్చేస్తే సరి, రక్తం పంచుకు పుట్టినవాళ్లం. ఆయన ఎవరి పక్కన కూర్చుంటాడు? అందుకని ఇప్పుడప్పుడే నా దగ్గరికి రాకు. వస్తే నీ భుజం మీద తల పెట్టేస్తాను, అది నాకు దక్కకూడదు.

నీ ఉత్తరం ఆయన వెంట తీసుకెళ్లాడు. తప్పు తనది కాదని ఈ మూడేళ్లలో ఎవరైనా రాసి ఇచ్చిన కాగితం అదొక్కటే. నేను దాన్ని తిరిగి అడగలేదు.

అక్క