హర్మటన్‌లో కుబుసం

డిసెంబర్ 4, ఉదయం 6.20

నా కొండచిలువ బిజూ కుబుసం సగమే విడిచింది. మిగతాది ఒంటిమీద చిరిగిన కాగితంలా వేలాడుతోంది. రెండు కళ్ల మీదా పాత పొర అలాగే ఉండిపోయింది. పాము చూడలేకపోతోంది.

కోటోనూలో ఉండే పశువుల డాక్టర్ లోకోసూకి ఫోన్ చేశాను. పాముకి రెప్పలుండవు, కంటి మీది పొర కుబుసంతోపాటే రావాలి, రాకపోతే పీకవద్దు అన్నాడు. గోరు వద్దు, టేపు వద్దు, పట్టకారు వద్దు. పొరతోపాటు కన్నూ వస్తుంది. డబ్బాలో తడిగుడ్డ వేసి తర్వాతి కుబుసం దాకా ఆగాలట. ఎన్నాళ్లని అడిగాను. నెల అన్నాడు. మీ రేడియోవాళ్లకి నెలంటే అర్థమవుతుందా అని నవ్వాడు.

డిసెంబర్ 5

పీకలేదు.

డిసెంబర్ 8

బీచ్ హోటల్ మూతపడిందని అక్టోబర్‌లో వార్తకి వెళ్లాను. వంటింట్లో గాజు డబ్బాలో ఈ చిన్న కొండచిలువ ఉంది. టూరిస్టుల మెడలో వేసి ఫోటోలు తీసేవారట, అందుకే ఫ్రెంచిలో ‘నగ’ అని అర్థం వచ్చేలా బిజూ అని పేరు పెట్టారు. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు మేనేజర్. ఎడిటర్ నా వార్తని మూడు ముక్కల్లో చదివించేశాడు. పాము మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఇది ఇంటి ఓనరు డాన్సీ అవ్వకి మొదటి నుంచీ గిట్టదు. పాము ఇంట్లో ఉందని కాదు, డబ్బాలో ఉందని. ఈ వీదా ఊళ్లో కొండచిలువ ఇంటికొస్తే చేతులెత్తి దండం పెట్టి, జాగ్రత్తగా పాముల గుడికి చేరుస్తారు. ఆయన ఇంటి పెద్ద అంటుంది అవ్వ. మా వైపు పాము పామే అన్నాను.

“మీ పరాకూలో మామగారిని కూడా గాజు డబ్బాలో పెట్టి మూతేస్తారా పిల్లా?” అంది, అమ్మకానికి అకసా అనే మొక్కజొన్న ముద్దలు ఆకుల్లో చుడుతూనే. కొనడానికొచ్చినవాళ్లంతా నవ్వారు.

తేల్చి చెప్పేసింది. జనవరి పదిన, గుడి పండగనాడు బిజూని గుడికి తీసుకెళుతుంది. గుడి పాములు రాత్రిళ్లు బయటికెళ్లి ఎలుకల్ని పట్టుకుంటాయి, చూపు లేనిది ఏం తింటుంది అని అడిగాను. నా ఆకులో ముద్ద చిన్నదైంది.

డిసెంబర్ 13

ఎలుకని పెట్టాను. బిజూ పక్కకి కాటేసి గాజుకి కొట్టుకుంది. పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు కూడా పొర కిందే ఉన్నాయంటున్నాడు లోకోసూ. వెన్నెముక చేతికి తగులుతోంది.

టేపు సొరుగులో ఉంది. ఉందని మాటిమాటికీ గుర్తొస్తోంది.

డిసెంబర్ 17

హర్మటన్ మొదలైంది, ఎడారి వైపు నుంచి వీచే పొడిగాలి. పెదవులు పగిలాయి. తలుపు ఎండి సందులిచ్చింది. పొద్దున తడిపిన గుడ్డ సాయంత్రానికి అప్పడంలా ఉంటోంది. గాలి పొడిగా ఉందని ఒప్పుకుంటాను, కానీ మూత పెట్టిన డబ్బాలో మరీ ఇంతలానా?

నీళ్ల గిన్నె మీద తెట్టు కట్టింది. దుమ్మనుకుని పారబోయబోయాను. కానీ ఈ ఊరి దుమ్ము ఎరుపు. ఇది తెలుపు. వాసన చూశాను. మల్లెపూల వాసన.

డిసెంబర్ 18

మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాను.

డాన్సీ అవ్వ డబ్బా ముందు మోకాళ్ల మీద ఉంది. మూత తీసి ఉంది. టాల్కం పౌడర్ అద్ది బిజూకి తల నుంచి తోక దాకా రాస్తోంది. పక్కన సెంటు సీసా. ఏదో మెల్లగా మాట్లాడుతోంది, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఉండే గొంతుతో. పాము దేవుడికి తెల్లపొడి, సెంటు ఇవ్వడం ఇక్కడి మర్యాద. నాకు తెలిసిన సంగతే. బిజూ వచ్చినప్పటి నుంచీ నేను పనికి వెళ్లగానే రోజూ జరుగుతోందని మాత్రం తెలియదు.

పౌడర్ తడిని పీల్చేస్తుందని చెప్పాను. నేను కేకలు వెయ్యలేదు.

అవ్వ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ఆయన్ని ఎండగట్టింది నేనా?”

గాలి కూడా అన్నాను. అదీ నిజమే.

డిసెంబర్ 19

వసారాలో అవ్వ పీట లేదు. అకసా లేదు. కొనడానికొచ్చినవాళ్లు నన్ను అడుగుతున్నారు, నేనేదో అన్నట్టు. అన్నాను కదా.

డిసెంబర్ 21, ఉదయం

అవ్వ చన్నీళ్ల బేసిన్‌తో వచ్చింది. భుజం మీద కొత్త తెల్లగుడ్డ. గుడివాళ్లని ఎవర్నయినా అడిగావా అన్నాను. ఎవర్నీ అడగలేదట. వాళ్లమ్మ ఇంటికొచ్చిన ఏ పెద్దకైనా ముందు గుమ్మంలో నీళ్లు పోసేదని, పౌడర్ ఆ తర్వాతేనని గుర్తొచ్చిందట. గుడ్డ తడిపి డబ్బాలో వదులుగా పరిచింది. బిజూ దాని కిందికి దూరింది.

ఇక రెండు పూటలా తనే చూసుకుంటానంది. “నీ చేతులకి దురద ఎక్కువ పిల్లా. నువ్వు రేడియో చూసుకో.”

డిసెంబర్ 29

బిజూ ఒళ్లు మసకబారింది. పొట్ట గులాబీ రంగుకి తిరిగింది. తర్వాతి కుబుసం తయారవుతోంది. ముట్టుకోవద్దన్నాడు లోకోసూ. ఇది కూడా సగంలో ఆగితే కళ్లమీద పొర మీద పొర పడుతుందట, ఆ తర్వాత తను చెయ్యగలిగింది తక్కువట.

రెండుసార్లు మూత తీశాను. రెండోసారి అవ్వ చూసింది.

జనవరి 3

ఒళ్లు మళ్లీ తేటబడింది, విడిచే ముందు ఇలాగే అవుతుందట. గాలి ఆగలేదు.

జనవరి 5

టేపు సొరుగులోంచి తీసి అవ్వ చేతికిచ్చాను. కొంగున కట్టుకుంది.

జనవరి 8, ఉదయం 5.40

విడిచింది. మొత్తం ఒకే ముక్క.

అవ్వ, నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పెట్టాం. తల దగ్గర చూడాలి. కుడివైపు గాజుబిళ్లలాంటి చిన్న గుండ్రం, దాని లోపల ఇంకొకటి. పాతదీ కొత్తదీ కలిసి వచ్చేశాయి. ఎడమవైపు చిల్లు. ఆ కంటి పొర ఇంకా రాలేదు.

అవ్వ ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. గుడి సంగతి నేను ఎత్తలేదు.

ఒంటికన్నుతో ఆయన్ని వీధిలోకి పంపితే మోటార్‌సైకిళ్లవాళ్లు ఊరుకుంటారా అని నన్నే తిట్టింది, పంపుతానన్నది నేనైనట్టు.

సాయంత్రం ఎలుకని కుడివైపు పెట్టాం. తింది.

జనవరి 9

రేపు ఉదయం ఏడింటికి అవ్వ గుడికి వెళుతుంది. తెల్లగుడ్డలో కుబుసం మడిచి పెట్టుకుంది. బిజూ ఇక్కడే. ఎడమ కంటి పొర ఫిబ్రవరి కుబుసంతో రావాలి.

రేపు రెండు పూటలా గుడ్డ తడపడం నా పని. టేపు మాత్రం తనతోపాటే గుడికి వస్తుందట.