పసుపు మందు కాదు

ఆస్పత్రి పెద్ద అధికారి గారి సముఖమునకు,
దేశంగాని దేశం వచ్చి వుడ్‌ల్యాండ్స్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉంటున్న తల్లి సింహాచలం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కూతురు రాజకుమారి చావుకు నాటుమందు కారణమని తమ డాక్టరు వ్రాసిన మాట కొట్టివేయుట గురించి.

తమకు తెలుగు రాదు. మీ ఇంగ్లీషు కాగితం నేను అల్లుడి చేత చదివించుకున్నాను. తమరూ ఎవరి చేతనైనా చదివించుకోవలెను.

1. నా కూతురికి షుగరు ఉండేది. రైలు దిగి ఇంటికి వచ్చేలోగా పిక్క పట్టేసి దారిలోనే కూలబడేది. మీ డాక్టరుకు చెప్పుకుంటే, ఆడవాళ్ళకి ఇవి మామూలే, బరువు తగ్గమని పంపేసినారు. అదే నొప్పి చెప్పుకున్న ఎదురు ఫ్లాట్ చైనా అంకుల్‌కి మొదటిసారే కాలికి స్కాను తీసినారు. ఆయన శుభ్రంగా నడుస్తున్నాడు, నడవాలి కూడా. నా పిల్లకి మాత్రం కాలివేలు పుండు పడ్డాక గానీ, కాలికి రక్తం పోవడం లేదు, బైపాస్ చెయ్యాలి అనలేదు.

2. ఆస్పత్రిలో చేర్చింది శుక్రవారం. తలంటి, నేనే దాని పాదాలకు పసుపు రాసి బయల్దేరదీసినాను. పెళ్ళయిన ఆడదానికి మాలో అది అలవాటు, మందు కాదు. మీ డాక్టరు అది చూసి "నాటుమందు పూసుకొని ఆలస్యంగా వచ్చిన రోగి" అని రాసినాడు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు.

3. ఆపరేషన్ అయిన సాయంత్రం పాదం ముట్టుకుంటే చల్లగా ఉంది. నర్సుని పిలిచినాను. దుప్పటి ఎత్తి చూసి, "కలర్ ఓకే లా, ఆంటీ" అని మీ ఊరి యాసలో అన్నది. చామనఛాయ పిల్లకి రంగు చూస్తే ఏం తెలుస్తుంది? చెయ్యి పెట్టి చూడమ్మా అని దణ్ణం పెట్టినాను. పెట్టలేదు. తెల్లారి అందరూ పరుగెత్తుకొచ్చినారు. కాలు తీసేసినారు. ఆ వెనకే మనిషి పోయింది.

4. ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి అల్లుడు చక్రధర్ నాతో మాట్లాడడు. పసుపు డబ్బా చెత్తలో పడేసినాడు. మనవరాలు తన్మయి నేను వండింది ముట్టదు. "అమ్మమ్మా, నువ్వు రాసిన ఎల్లో వల్లే మమ్మీ చచ్చిపోయిందా?" అని అడిగింది. దానికి ఏమి చెప్పవలెనో తమరే సెలవియ్యండి.

కావున ఆ మాట కొట్టివేసి, ఆడదాని నొప్పి వినలేదు, మా ఒంటిని చూడటం చేతకాలేదు అని మీ చేత్తోనే రాసి ఇప్పించవలెను. పూలూ సానుభూతి కార్డూ మళ్ళీ పంపవద్దు. నా కడుపుకోత చిత్తగించవలెను.

కింద తమ విధేయురాలు అని పెట్టాలంట. పెట్టను.

రాజకుమారి తల్లి,
సింహాచలం

తా.క.: కాగితం దిద్దితే సరిపోదు. మీరే మా ఇంటికి వచ్చి, "మీ అమ్మమ్మ చంపలేదు" అని తన్మయికి చెప్పండి. నేను తెలుగులో చెప్తే నమ్మడం లేదు. మీ ఇంగ్లీషు అయితే నమ్ముతుంది.