రెండో వరస

నవంబరు 14, శుక్రవారం

మా గోరింకకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీ పోయిన ఉత్తరం ఆ మాటతోనే మొదలైంది కనుక దాని మీద నాకు నమ్మకం పోయింది. నిన్నటిదాకా కళ్ళు సరిగ్గా ఆనలేదు. ఈరోజు అక్షరాలు కనిపిస్తున్నాయి, కోపం మాత్రం తగ్గలేదు. అది తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

కంటి పరీక్ష ఏమైందని అడిగావు. శుక్లం ఇంకా ముదరలేదు, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. చుక్కల మందు వేసి బల్ల మీద కూర్చోబెడితే లోకమంతా మసక. పక్కనుంచి ఎవరో "టీచరుగారూ, నమస్కారం" అన్నారు. గొంతును బట్టి పోల్చుకున్నాను, మా అక్క పనిచేసిన బడిలో డ్రిల్లు మాస్టారు.

"మీ అక్కగారి సంగతి విని చాలా బాధపడ్డానండీ."

"మోకాళ్ళ నొప్పేగా, తగ్గిందిలెండి. మనవరాలు రాసింది."

"అదేంటమ్మా, ఆవిడ పోయి రెండు నెలలు దాటింది కదా!"

వెంట వచ్చిన మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు, ఎలా అని ఆయన్ని అడగలేదు. అంటే తనకి తెలుసు.

"గుండె జబ్బు మనిషివి, తట్టుకోలేవని దాచాం" అంది ఇంటికొచ్చాక.

"నా గుండె సంగతి నన్నే అడగాల్సింది."

"అడిగితే తెలిసిపోతుంది కదమ్మా!"

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

అక్కకి చెవుడు, ఫోనులో వినపడదు. ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్న నీ ఉత్తరాలే నాకు ఆవిడ కబుర్లు. నువ్వు రాసిన వాక్యం మళ్ళీ తీసి చదివాను: "పెద్దమ్మమ్మకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులేమీ లేవు." ఎక్కడా అబద్ధం లేదు. అబద్ధమాడకుండా మోసం చేయడం ఎవరు నేర్పారే నీకు? వ్యాకరణం నేర్పింది నేనే, అదీ నా ఖర్మ. ఆ ఉత్తరం అందిన సాయంత్రం, నా మొర ఆలకించావు తండ్రీ అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మీ అమ్మ అదే గదిలో బట్టలు మడత పెడుతూ విన్నది. విని, దుప్పటి రెండో కొస పట్టుకోమని నన్నే పిలిచింది.

నా ప్రార్థనలో రెండు వరసలని నీకు తెలుసు. బతికున్నవాళ్ళకి ఆరోగ్యం అడుగుతాను, పోయినవాళ్ళకి శాంతి. చిన్నప్పుడు నీ కుక్కపిల్ల చచ్చిపోతే రెండో వరసలో చేర్చమని ఏడ్చావు. చేర్చాను, ఇప్పటికీ తీయలేదు. మా అక్కకి ఆపాటి మర్యాద కూడా దక్కనివ్వలేదు మీరు. పోయిన మనిషి మోకాళ్ళ కోసం రోజూ అడిగాను. దేవుడి ముందు నన్ను వెర్రిదాన్ని చేశారు. అంతా తెలిసీ ఊరుకున్నందుకు ఆయన మీదా కోపంగానే ఉంది.

ఇంకో మాట ఉంది, మీ అమ్మకి చెప్పలేదు. తెలిశాక కూడా అక్కని రెండో వరసలోకి మార్చలేకపోతున్నాను. మారిస్తే మొదటి వరసలో అందరికన్నా పెద్దదాన్ని నేనే. నా ముందు ఇంకెవరూ ఉండరు. భయంగా ఉందే నాకు. పోవడానికి ఎప్పుడైనా సిద్ధమేనని ఇన్నాళ్ళూ అందరితో అంటూ తిరిగాను. ముందు అక్క ఉందన్న ధైర్యంతో అన్న మాటలవి. ఆవిడ ఎలా దాటిందో తెలిస్తే నాకు దారి తెలిసినట్టుంటుంది. అప్పుడు పక్కన ఉన్నది నువ్వొక్కదానివే.

కనుక ఇకమీదట జరగవలసినవి:

1. ఆఖరి రోజు జరిగింది జరిగినట్టు రాయి. భయపడిందా, నన్ను తలుచుకుందా, ఏమైనా అడిగిందా. "ప్రశాంతంగా" అన్న మాట నిజమైతేనే వాడు.

2. నాకు జబ్బు చేస్తే దాని పేరు ముందు నాకు చెప్పాలి. మీ అమ్మకి ఆ తర్వాతే.

3. నేను పోయాక, నాకు నొప్పులేమీ లేవని ఎవరికీ రాయకు. పోయిందని రాయి.

4. నీ జవాబు అందిన సాయంత్రం అక్కని రెండో వరసలోకి పంపుతాను. మీ అమ్మ బట్టలు పక్కన పెట్టి నాతో కూర్చోవాలి. అప్పటిదాకా ఆవిడ మోకాళ్ళ గురించే అడుగుతుంటాను. ఆలస్యం చేయకు.

ఇట్లు,
ఇంకా మొదటి వరసలోనే ఉన్న
మీ అమ్మమ్మ