లొజొవోయ్ నవల మీద పేరు లేని రివ్యూ

13 ఫిబ్రవరి 1961, మాస్కో

మా పత్రిక ‘ప్రిస్తాన్’ కొత్త సంచిక వచ్చింది. లొజొవోయ్ నవల మీద నా రివ్యూ పడింది. పేరు వేయొద్దన్నాను. బళ్లలో పాఠంగా చదివే అంత పెద్ద రచయితని పట్టుకుని, ‘ఈయన పోయి పదేళ్లయింది, కబురు ఇంకా ఆయనకి అందలేదు’ అని రాశాను. రాస్తుంటే ఎంత హాయిగా ఉందో. రివ్యూల సెక్షన్ చూసే రిమ్మా పడీ పడీ నవ్వింది. ఒక్క కామా కూడా తీయలేదు.

19 ఫిబ్రవరి

మెట్రోలో ఒకాయన పక్కాయనకి నా వాక్యం చదివి వినిపిస్తున్నాడు. అది నాదేనండీ అని నోటిదాకా వచ్చింది.

3 మార్చి

లొజొవోయ్ పెద్ద పేపర్లో జవాబిచ్చాడు. మేం నల్లులమట. కుట్టేసి పరుపులో దూరతామట.

4 మార్చి

ఎడిటర్ కిరిల్ సవ్విచ్‌కి పైనుంచి ఫోన్. రాసినవాడి పేరు చెప్పాలి, లేదంటే పత్రిక మూత. ఆయన రిమ్మాని అడిగాడు. రాసినవాడికి మాటిచ్చాను, చెప్పను అంది రిమ్మా. తర్వాత కారిడార్లో నన్ను ఆపి, నువ్వే వెళ్లి చెప్పెయ్ వాదిమ్, నా నోటితో చెప్పించకు అంది. సోమవారం చెప్తానన్నాను.

6 మార్చి

సోమవారం. జ్వరమని ఫోన్ చేయించాను.

9 మార్చి

మీటింగ్. లొజొవోయ్ స్వయంగా వచ్చాడు. ముందువరసలో కూర్చుని తీరిగ్గా నారింజపండు వలుచుకుంటున్నాడు. పేరు చెప్పకపోతే నువ్వే రాశావనుకోవాల్సి వస్తుంది రిమ్మా అన్నాడు కిరిల్ సవ్విచ్. అలాగే అనుకోండి అంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఈవిడకి మగవాళ్ల మీద కసి అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమెని ఉద్యోగంలోంచి తీసేయాలనేవాళ్లని చేతులెత్తమన్నారు. రిమ్మా నా వైపే చూస్తోంది. కోపం లేదు. ఎత్తుతానా లేదా అని చూస్తోంది, అంతే.

ఎత్తాను.

28 మార్చి

రిమ్మాకి ఏ పత్రికలోనూ పని ఇవ్వట్లేదట. మందుసీసాల లేబుళ్లు అచ్చేసే చోట ప్రూఫులు దిద్దుతోందని టైపిస్ట్ చెప్పింది. ఆమె సెక్షన్ నాకిచ్చారు.

15 ఏప్రిల్

లొజొవోయ్ ఇంటికి పిలిపించాడు. భోజనం పెట్టాడు. అది నీ రాతేనని మొదటిరోజే తెలుసు అబ్బాయ్ అన్నాడు. రిమ్మాకి కోపమొస్తే మొహం మీదే తిడుతుందట, ఇంత ముద్దుగా పొడవడం ఆమెకి చేతకాదట. మరి మీటింగులో ఎందుకు ఊరుకున్నారని అడిగాను. నువ్వు ఎంతదాకా ఊరుకుంటావో చూద్దామని, అన్నాడు. నువ్వు అచ్చం నాలాంటివాడివి, నా జీవితచరిత్ర నువ్వే రాయాలి అన్నాడు.

రిమ్మా సంగతి ఎత్తబోయాను. చేప చల్లారిపోతోంది, తిను అన్నాడు. తిన్నాను.

16 ఏప్రిల్

పొద్దున్నే మొదలుపెట్టాను. నాలుగు పేజీలు. చాలా బాగా వస్తోంది.