పదకొండో సెక్షన్

ఆగస్టు 3, శుక్రవారం

ఇంటిపనివాళ్ల రక్షణ చట్టం, మూడో ముసాయిదా. పదకొండో సెక్షన్ నేనే రాశాను: వారానికి ఒక రోజు పూర్తి సెలవు. న్యాయశాఖలో పదహారేళ్లుగా రాసిన వాక్యాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. డైరెక్టర్ దర్సోనో చదివి తలూపాడు, ప్రగతి నివేదికలో అరవై శాతం వేశాడు. మా దగ్గర ఒక మీటింగ్ పెడితే ఐదు శాతం. ఆ మీటింగులో ఒక్క అక్షరం మారకపోయినా ఐదే.

ఆగస్టు 5, ఆదివారం, ఉదయం 7

ఈ రోజూ హోటల్లో మీటింగ్. బయల్దేరుతుంటే కసియెమ్ అడ్డం వచ్చింది. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లోనే ఉండి పనిచేస్తోంది. వాళ్లక్క పోనియా ఊరికి అటు చివర ఉంటుంది, కిడ్నీలు పాడయ్యాయి. ఆదివారాలు అక్క దగ్గర కూర్చుంటానమ్మా, సోమవారం పొద్దున్నే వచ్చేస్తా అంది. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? చట్టం వస్తోందిగా, అందులో అన్నీ ఉన్నాయి, కాస్త ఓపిక పట్టు అన్నాను. ఎవరు రాస్తున్నారమ్మా అంది. నేనే అన్నాను, కొంచెం గర్వంగానే. అయితే మీకు ముందే తెలుసన్నమాట అని సోయా టెంపే ముక్కలు వేయించడానికి లోపలికి పోయింది.

ఒళ్లు మండింది.

ఆగస్టు 26, ఆదివారం

డెబ్బై ఐదు శాతం. పదకొండో సెక్షన్ దగ్గర బండి ఆగింది. బల్ల చుట్టూ పద్నాలుగు మందిమి, అందరి ఇళ్లలోనూ ఈ పూట పిల్లల్ని చూసేది పనిమనిషే. వారానికో రోజంటే ముందు మన కొంపలే మునుగుతాయి వుర్యానీ గారూ అని దర్సోనో నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ వాక్యం కొట్టేసి 'పరస్పర అంగీకారంతో తగినంత విశ్రాంతి' అని రాసింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు.

సెప్టెంబర్ 14, శుక్రవారం

కసియెమ్ మళ్లీ అడిగింది. త్వరలోనే అన్నాను.

సెప్టెంబర్ 16, ఆదివారం

ప్రజాభిప్రాయ సేకరణ. కొత్త వాక్యం చెవిన పడి పనివాళ్ల సంఘం రామని చెప్పేసింది. ఫోటోలో ఒక్క పనిమనిషైనా లేకపోతే శాతం రాదు. మీ ఇంట్లో ఉందిగా, తీసుకురండి, భోజనం కూడా పెడతాం అన్నాడు దర్సోనో. తీసుకెళ్లాను. ఆ పూట పిల్లల్ని మా ఆయన చూసుకున్నాడు. చూసుకోగలడని అప్పుడే తెలిసింది.

కసియెమ్ పండక్కి కొన్న బాతిక్ అద్దకం బట్టలు వేసుకుంది. బ్యానర్ కింద కూర్చోబెట్టారు. ఎవరో మైకు కూడా ఇచ్చారు. మా అక్కకి ఒంట్లో బాగాలేదయ్యా, ఆదివారం పంపిస్తే చాలు, చట్టం మీరు నిదానంగా రాసుకోండి అంది. చప్పట్లు కొట్టారు. మినిట్స్‌లో 'ముసాయిదాకు మద్దతు తెలిపారు' అని రాశాను.

తొంభై శాతం.

సెప్టెంబర్ 24, సోమవారం

పోనియా నిన్న పోయింది. ఆ సమయానికి కసియెమ్ మా కర్టెన్లు ఉతుకుతోంది. ఫోన్ వచ్చాక చేతులు తుడుచుకుని బట్టలు సర్దుకుంది. ఎప్పుడొస్తావని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ మాత్రం సిగ్గు మిగిలింది. గేటు దగ్గర తనే ఆగి, ఇంక రానమ్మా అంది. కోపంగా అన్నా బాగుండేది.

అక్టోబర్ 2, మంగళవారం

ఫైలు తిరిగొచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ నాటి హాజరు పట్టీలో 'ఎవరి తరఫున' అన్న గడిలో తప్పుందట. అందరూ తమ శాఖ పేరు రాశారు. కసియెమ్ 'మా అక్క పోనియా' అని రాసింది. సరిచేయకపోతే ఐదు శాతం కోత.

వైట్‌నర్ పూసి, ఆరాక, 'గృహ కార్మికుల ప్రతినిధి' అని రాసి పంపించాను.