నాన్న గ్యారంటీ ఇచ్చిన గడియారం

గురువారం, కొట్టు నుంచి

నా బంగారు తల్లికి,

రిపేరుకొచ్చిన పదమూడు గోడగడియారాల టిక్కుటిక్కుల మధ్య కూర్చుని నాన్న రాస్తున్నాడు. నేనూ, మీ అమ్మా, గడియారాలూ కులాసా. నువ్వు కూడా అలాగే ఉన్నావని గట్టి నమ్మకం.

పార్సిల్ అందింది అమ్మడూ! గోడకెక్కించి మూడు రోజులైంది. నలభై రెండేళ్లుగా అందరి గడియారాలూ బాగుచేశాను గానీ, నా కూతురు చేసిన గడియారం నా గోడకెక్కుతుందని కల్లో కూడా అనుకోలేదు. అంకెలు ఎంత ముద్దుగా గీశావే! ఏడు అంకె అచ్చం నువ్వు మూడో క్లాసులో రాసినట్టే, పడబోయి ఆగినట్టుంది.

నీ చీటీ మూడుసార్లు చదివాను. మూడు వారాలు కొట్టులో ఉంచమన్నావు. ఎలా పనిచేస్తుందో అడగొద్దన్నావు, చెబితే పరీక్ష పాడవుతుందట. చేత్తో ముట్టుకోవద్దన్నావు. ఫోన్‌లో వద్దు, చూసింది చూసినట్టు ఉత్తరం రాయమన్నావు. ఇలాంటివి ముప్ఫై మంది గోడల మీద పెట్టారనీ, ఆ ఫలితాలు చూసి నీకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వాలో వద్దో ముగ్గురు పెద్దలు తేలుస్తారనీ రాశావు. మీ ల్యాబులో తొమ్మిదేళ్లుగా ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం! బొమ్మలు గీసేవాళ్లేమో నిన్ను మిషన్లమ్మాయి అంటారు, మిషన్లవాళ్లేమో బొమ్మలమ్మాయి అంటారు, ప్రొఫెసర్లేమో నిన్ను ఎగాదిగా చూసి తలుపేసుకుంటారు. ఈసారి ఎవరేమంటారో నేనూ చూస్తాను!

ఇక ఫలితం రాసుకో. గడియారం బ్రహ్మాండంగా నడుస్తోంది. సెకను తేడా లేదు.

పక్క కొట్టు దర్జీ వచ్చి "మీ అమ్మాయి అసలేం చేస్తుందండీ?" అన్నాడు. "డిజైనరు" అన్నాను. "చొక్కాలా, గౌన్లా?" అన్నాడు. "గడియారాలూ, గోడలూ, మనుషుల మనసులూ" అన్నాను. సూది నోట్లో పెట్టుకుని ఆలోచించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆనందం పట్టలేక,
మీ నాన్న

తా.క.: నువ్వు అడగలేదు గానీ, గంట కూడా ఖంగుమని కొడుతోంది.

*

సోమవారం, ల్యాబు వరండా నుంచి

ప్రియమైన నాన్నకి,

నేను బాగున్నాను. నాకింకా గది ఇవ్వలేదు కాబట్టి బొమ్మల గదికీ మిషన్ల గదికీ మధ్యనున్న వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం చూసి సంతోషమేసింది, తర్వాత భయమేసింది. సెకను తేడా లేదా? సరిగ్గా చూశావా? మిగతావాళ్లంతా ఏవో తేడాలు రాశారు. నువ్వొక్కడివే పొగడ్తలు రాశావు. ఆ పొగడ్తలు పట్టికలో ఏ గడిలో పెట్టను? తేడా ఉంటే దాచొద్దు నాన్నా. ఉంటేనే నాకు మంచిది. ఇంతకన్నా చెప్పకూడదు, నియమం.

దయచేసి ముట్టుకోకు.

నీ అమ్మడు

తా.క.: ఆ గడియారానికి గంట లేదు నాన్నా.

*

శనివారం, కొట్టు నుంచి

వినయంలో నన్ను మించిన నా తల్లికి,

ఇక్కడ అంతా క్షేమం. గంట సంగతి నిజమే, కొట్టింది పక్క గడియారమట. సంతోషంలో ఎవరు కొట్టారో చూసుకోలేదు.

తప్పులుంటే చెప్పమంటావా! ఎంత పెద్ద మనసే! దర్జీకి చదివి వినిపించాను. కళ్లజోళ్ల కొట్టాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంత అడిగాక ఇంకా దాచడం పాపం. తగిలించిన రోజే నీ గడియారం సాయంత్రానికి ఇరవై రెండు నిమిషాలు వెనకబడింది. జనం చూస్తారేమోనని క్యాలెండరు అడ్డం తగిలించి, వెనక నుంచి ముల్లు ముందుకి తిప్పేశాను. మర్నాడు ముప్ఫై ఒకటి! రోజూ కొట్టు మూసేముందు సర్దుతూనే ఉన్నాను. చిత్రమేమిటంటే, నేనొక్కణ్ణే ఉన్నంతసేపూ బుద్ధిగా నడుస్తుంది. నలుగురూ చేరి, నీ కబుర్లు చెప్పుకుని పగలబడి నవ్వుతున్నామా, అప్పుడే మొరాయిస్తుంది. పరువు తీయడానికి అదను చూసుకుంటుంది.

ఇక ఊరుకోలేక నిన్న విప్పేశాను. "పిల్ల ముట్టుకోవద్దందిగా" అని మీ అమ్మ అడ్డం పడింది. "డాక్టరు కూతురికి జ్వరమొస్తే డాక్టరు చెయ్యి పట్టుకుని చూడడా?" అన్నాను. లోపల చూద్దును కదా, ఒక ఆకుపచ్చ బిళ్ల, దాని మీద చిల్లుల మూత, చచ్చిన పురుగుల్లాంటి నల్ల ముక్కలు. ఎవడో నీకు పాడు సరుకు అంటగట్టాడు తల్లీ! అదంతా పీకి బిస్కెట్ల డబ్బాలో పడేసి, నా దగ్గరున్న పాత అలారం మిషను బిగించాను. రోజూ పొద్దున్నే కీ ఇస్తే చాలు, రాయిలా నడుస్తుంది.

మీ ల్యాబువాళ్లు పంపిన కాగితంలో "మీ అభిప్రాయం" అని ఒక్క గీత వదిలారు. నా అభిప్రాయం ఒక్క గీతలో పడుతుందా? వేరే కాగితం మీద కొట్టు ముద్ర వేసి మరీ రాశాను: "నలభై రెండేళ్ల అనుభవంతో ధ్రువీకరించడమేమనగా, ఈ గడియారం పక్కన ఎవరు నవ్వినా, ఏడ్చినా సెకను తేడా రాదు. అయిదేళ్ల గ్యారంటీ." ముగ్గురు పెద్దలకీ మూడు కాపీలు పంపాను.

నీ ఉద్యోగం ఖాయమని ముందే మురిసిపోతూ,
నాన్న

తా.క.: ఆ ముగ్గురిలో ప్రొఫెసరుగారు దేన్నీ ఒక పట్టాన నమ్మరని నువ్వే ఒకసారి అన్నావుగా. ఆయన కాపీలో పదేళ్లు చేశాను.

*

మంగళవారం

నాన్నా! నాన్నా! నాన్నా!

క్షేమసమాచారాలు తర్వాత. నియమం ఎలాగూ గంగలో కలిసింది కాబట్టి చెప్పేస్తున్నాను.

ఆ చిల్లుల మూత గడియారానికి చెవి. గదిలో నవ్వు వినబడితే ముళ్లు మెల్లగా నడుస్తాయి. సంతోషంగా ఉన్నప్పుడు ఎవరికీ టైము చాలదు కదా, ఇంకాస్త ఇద్దామని అలా చేశాను. వెనకబడటం దాని జబ్బు కాదు నాన్నా, దాని ఉద్యోగం. నా ఉద్యోగం కూడా.

మూడేళ్లుగా నేను రుజువు చేయాలనుకుంటున్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా నువ్వు ముద్ర వేసిచ్చావు. మిగతా ఇరవై తొమ్మిదీ మాటామంతీ లేని గదుల్లో ఉన్నాయి. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, అంతే వెనకబడ్డాయి. మిషన్ల పెద్దాయన అది బ్యాటరీ నీరసం అంటున్నారు. నీ కాగితం చదివి, "ఈవిడ బదులు వాళ్ల నాన్నగారిని తీసుకుంటే?" అన్నారు. నవ్వుతూ అనలేదు.

వచ్చే సోమవారం ముగ్గురూ కూర్చుంటున్నారు. ఆ బిళ్లలో రోజువారీ లెక్కంతా దాచి ఉంటుంది. అది పారేయలేదని ఒక్క మాట చెప్పు.

అమ్మడు

తా.క.: పదేళ్ల గ్యారంటీ చూసి ప్రొఫెసరుగారు తన చేతి గడియారం కూడా నీకు పంపుతానన్నారు.

*

గురువారం, మూసిన కొట్టు నుంచి

అమ్మడూ,

ఏ ముఖం పెట్టుకుని క్షేమం అడగను? నా చేతులు విరిచి ఆ బిస్కెట్ల డబ్బాలోనే పెట్టాలి. నా తల్లి గడియారానికి చెవి పెడితే, ఆ చెవి కోసి డబ్బాలో వేశాను.

పారేయలేదు తల్లీ. నలభై రెండేళ్లలో ఒక్క స్క్రూ పారేసినవాణ్ణి కాదు. డబ్బా అర్జెంటు పార్సిల్‌లో పంపుతున్నాను. దాంతోపాటు నా రిపేరు పుస్తకం కూడా పెట్టాను. పనికొస్తుందో లేదో తెలీదు. అందులో రాయకుండా నేను ఏ గడియారాన్నీ ముట్టుకోను. నీకు అబద్ధం రాశాను గానీ, పుస్తకంలో రాయలేకపోయాను. ఎవరో గోడ కదిలించి నీ గడియారం పాడుచేస్తున్నారని నాకు అనుమానమేసింది, అందుకని ఆ పూట కొట్టులో ఎవరెవరున్నారో కూడా రాశాను. ఇలా ఉంటుంది:

"సోమవారం. అమ్మాయి గడియారం. 22 ని. వెనక. మూడు గంటలప్పుడు దర్జీ, కళ్లజోళ్లాయన. అమ్మాయి చిన్నప్పుడు అలారం విప్పి స్క్రూ మింగేసిన కథ చెప్పడమైనది. సరిచేయడమైనది."

"ఆదివారం. కొట్టు మూత. తేడా లేదు."

మీ అమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఆ చెవి ఉన్న గడియారం ఇప్పుడు మన ఇంట్లో ఉంటే సెకను తేడా లేకుండా నడిచేది.

క్షమించమని అడిగే ధైర్యం లేక,
నాన్న

తా.క.: డబ్బా అడుగున రెండు బిస్కెట్లున్నాయి. అవి గడియారంలోవి కావు.

*

మంగళవారం, ల్యాబు నుంచి

నా పిచ్చి నాన్నకి,

కూర్చున్నావా? కూర్చుని చదువు.

నిన్న ముగ్గురి ముందూ నీ డబ్బా తెరిచాను. మిషన్ల పెద్దాయన ఆ బిళ్లని కంప్యూటరుకి తగిలించారు. బొమ్మల మేడమ్ నీ పుస్తకం పైకి చదివారు. ఆవిడ "22 ని." అంటే తెర మీద కూడా ఇరవై రెండే. "31" అంటే ముప్ఫై ఒకటే. కొట్టు మూత అన్న రోజు సున్నా. నువ్వు విప్పేసేదాకా పన్నెండు రోజులూ పొల్లుపోలేదు. ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచారు. "ఈయనకి గుట్టు తెలీదు, పైగా తేడా లేదని నిరూపించాలని నానా తంటాలు పడ్డాడు. అలాంటివాడే తేడా ఉందని రాసుకున్నాడంటే ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నారు.

తర్వాత మేడమ్ స్క్రూ మింగిన కథ మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. వెనక గోడ మీదున్న నా నమూనా గడియారం ఆరు నిమిషాలు వెనకబడింది. బ్యాటరీ నీరసం అన్న పెద్దాయనకి బస్సు తప్పింది!

ఉద్యోగం వచ్చింది నాన్నా! పర్మనెంటు! ఇప్పుడు నన్ను మా అమ్మాయంటే మా అమ్మాయని మూడు గదులవాళ్లూ కొట్టుకుంటున్నారు. నాకు తలుపున్న గది ఇచ్చారు. గోడ ఖాళీగా ఉంది. శనివారం నాలుగున్నర బస్సుకి రెండు టిక్కెట్లు జతచేశాను. నువ్వూ అమ్మా వచ్చి, ఆ గడియారాన్ని నీ చేత్తోనే తగిలించాలి.

నీ అమ్మడు

తా.క.: బిస్కెట్లు మెత్తబడ్డాయి. అయినా ముగ్గురూ పంచుకున్నారు.

*

శనివారం సాయంత్రం, బస్టాండు బల్ల మీద నుంచి

మూడు గదుల మహారాణికి,

నేను క్షేమం. మీ అమ్మ పక్కనే ఉంది, క్షేమంగా లేదు.

బస్సు తప్పింది తల్లీ.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. దర్జీకి చదివాను, కళ్లజోళ్లాయనకి చదివాను, దారిన పోయే ఇద్దరికి చదివాను, వాళ్లు ఎవరో ఇప్పటికీ తెలీదు. ఈరోజు పొద్దున కొట్టు తెరిచేసరికి గుమ్మంలో పదిమంది, మళ్లీ చదవమని. మీ అమ్మ "నేను సంచీ తీసుకుని బస్టాండుకి పోతాను, నువ్వు నాలుగింటికి కట్టేసి రా" అంది. సరే అని మాటిమాటికీ గోడకేసి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు చూసినా రెంటికి పది తక్కువే. ఆహా, ఈరోజు ఎంత టైముందో అనుకుని స్క్రూ కథ ఇంకోసారి ఎత్తుకున్నాను. మిగతా పదమూడూ వేరే టైము చూపిస్తున్నాయి గానీ, రిపేరుకొచ్చినవాటి మాట ఎవరు నమ్ముతారు? నేను నీ గడియారాన్నే నమ్మాను.

అయిదుంబావుకి మీ అమ్మ సంచీతో సహా గుమ్మంలో నిలబడింది. అప్పుడు అర్థమైంది. సంతోషంలో పొద్దున కీ ఇవ్వడం మర్చిపోయాను.

చూశావా అమ్మడూ! దానికి చెవి లేదు, బిళ్ల లేదు, చెవి కోసింది నేనే. అయినా మనం సంతోషంగా ఉన్నామని దానికి తెలిసిపోయింది. నీ పట్టికలో రాసుకో: ముప్ఫయ్యో గడియారం, మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు వెనక. కారణం, నాన్న. సరిచేయలేదు, చేయను కూడా.

ఒళ్లో గడియారంతో, పొద్దున మొదటి బస్సు కోసం చూస్తూ,
నీ నాన్న

తా.క.: ఈసారి బస్టాండు గడియారాన్నే నమ్ముదామని మీ అమ్మ తీర్మానించింది. పోయిన నెల దాన్ని బాగుచేసింది నేనేనని ఇంకా చెప్పలేదు.