పాసైన ఫట్‌ఫటి

12 జూన్ 1945, మంగళవారం

ఫట్‌ఫటి ఫెయిలయింది.

పట్నం నుంచి మోటర్ల ఇన్స్‌పెక్టర్ సాబు వచ్చి ముసాఫిర్ బంగళల దిగిండు. సిద్దిపేటల ఉన్న మోటర్లన్ని పొద్దుగాల్నే ఆడికి రమ్మన్నరు. ఈయన తన మోటర్‌సైకిల్‌ను నూనెగుడ్డతోని మెరిసేదాంక తుడిచి తీస్కపోయిండు. పగటీలి ముఖం మాడ్చుకొని వచ్చిండు. ముందు బ్రేకు లేదట. ఎనుక బ్రేకు ఉన్నదట గని పట్టదట. హారన్ నొక్కితే గాలి తప్ప కూత రాదట. సైడ్‌కార్ బోల్టులు వదులైనయట, బాగు చేసేదాంక దాంట్ల మనిషిని కూసోబెట్టొద్దట.

ఆ మనిషిని నేనే.

ఈయన అంటే కాశీనాథం. నోటితోని మొగని పేరు తియ్యను గని కాయిదం మీద రాస్తే ఏం పోతది. బజార్ల బట్టల దుకాణం. నాది దవాఖానల పురుళ్లు పోసే నౌకరి. బట్టల దుకాణపోళ్ల కోడలికి ఇదేం పని అని చుట్టాలందరు అన్నరు, ఈయన ఒక్కడు అనలే. పైంగ నన్ను ఊర్లకు తిప్పుతందుకని దేశం ఇడిచిపోతున్న ఒక ఇంజినీర్ దొర దగ్గర ఈ బండి కొన్నడు. మా పెండ్లి కంటె పాతది. ఊర్లపోళ్లు దాని సైడ్‌కార్‌ను తొట్టి అంటరు. నేను గూడ అట్లనే అంటున్న.

ఇన్స్‌పెక్టర్‌కు కార్లు తెలుసట గని మోటర్‌సైకిల్ గురించి ఏం తెల్వదట. అన్నం తిన్నంతసేపు అదే ముచ్చట.


15 జూన్, శుక్రవారం

దౌల్తాబాద్ నుంచి పురుటికి పిలుపొచ్చింది. ఫెయిలయిన బండి తియ్యొద్దన్న. మళ్ల తనిఖీ దాంక గడువున్నది, ఏం కాదు అన్నడు.

ఊరు దాటంగనే ఆగింది. ప్లగ్గు అన్నడు. తీసి, తుడిచి, పెట్టిండు. కొంచెం దూరం పోయి మళ్ల ఆగింది. కార్బురేటర్ల చెత్త అన్నడు. ఇంకోపారి ఆగినప్పుడు రోడ్డు మీద గొంతుక్కూసుండి దానిదిక్కు చూసుకుంట ఉన్నడు. వానల గొడుగు పట్టుకొని నిలబడ్డ. నాకు కాదు, ఆయనకు కాదు, మాగ్నెటోకు. అది తడిస్తే నిప్పురవ్వ రాదట, బండి నడువదట.

ఎనుకనుంచి పోశయ్య ఎడ్లబండి వచ్చింది. దౌల్తాబాదుకే పోతున్న, ఎక్కరాదా నర్సు అమ్మా అన్నడు. ఈయన ఇగ నడుస్తది, ఇగ నడుస్తది అన్నడు. ఆ ముఖం చూసి ఎక్కలేకపోయిన. పోశయ్య ఎడ్లు మెల్లగ, చెరుకు నములుకుంట పోతున్నట్టు, మమ్ముల దాటి పోయినయి.

మేం చేరేసరికి పురుడు అయిపోయింది. బుచ్చవ్వ అనే ముసలామె బొడ్డు కోసింది, కొడవలితోని. ఎందుకు కోసినవు, నేనొచ్చేదాంక ఆగరాదా అని కోపం చేసిన. మేం ఆగినం గని బిడ్డ ఆగలేదమ్మా అన్నది.

సంచి ఇప్పి బొడ్డుకు మందు పెట్టిన.


17 జూన్, ఆదివారం

ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. ఇయ్యాల ఎటు పోయేది లేదు.


30 జూన్, శనివారం

పాసయింది. నాకే నమ్మబుద్ధి కాలే. బ్రేకు పట్టిందట, హారన్ కూసిందట, దీపం వెలిగిందట. ఇన్స్‌పెక్టర్ సాబు సంతకం చేసి కాయిదం చేతుల పెట్టిండట. ఈయన ఆ కాయిదానికి ఫ్రేము కట్టించి దుకాణంల గల్లాపెట్టె మీది గోడకు తగిలించిండు. వచ్చినోళ్లందరికి పేడాలు పంచిండు. నేను గూడ తిన్న.


2 జులై, సోమవారం

పొద్దున జగదీశ్వర్ గారు వచ్చిండు. ఈయన దోస్తు, రోడ్ల కంట్రాక్టర్. ఆయనకు గూడ అదే కంపెనీ బండి ఉన్నది, మాదానికంటె మంచిది. నవ్వుకుంట వచ్చి, వదినమ్మా, నా చక్రం నాకిప్పించున్రి అన్నడు.

బ్రేకుతోని సహా ముందు చక్రం ఆయనదే. హారన్ ఆయనదే. దీపం ఆయనదే. సైడ్‌కార్ బోల్టులు గూడ ఆ ఒక్క పూటకు ఆయనయే. మా వాకిట్ల ఇద్దరు కూసుండి అన్ని ఊడదీసి మళ్ల మాయి మాకు పెట్టిన్రు. నేను గడప మీద నిలబడి చూసిన.

ఆయన పోయినంక అడిగిన, మరి పాసయింది ఎవరి బండి అని. కాయిదం ఉన్నదా లేదా అన్నడు. కాయిదం బ్రేకు పడుతదా అన్న. నువ్వు ఉత్తగనే భయపడుతవు, బ్రేకు లైనింగు ఆర్డర్ ఇచ్చిన, పట్నంల దొరుకుతలేదు, లడాయి గద అన్నడు.

అన్నిటికి లడాయే. పప్పు మాడినా లడాయే.


22 జులై, ఆదివారం

ఎడమ మణికట్టు విరిగింది. రాసే చెయ్యి మిగిలింది, ఇయ్యన్ని రాసుకుంటందుకు కావచ్చు.

గురువారం కోహెడ అవుతల ఒక పల్లె నుంచి మనిషి ఉరికొచ్చిండు. కిష్టవ్వ అనే పిల్లకు తొలి కాన్పు, నొప్పులు మొదలై రోజు దాటిందట, బిడ్డ కాళ్లు ముందుగాల్న కనపడుతున్నయట. ఎడ్లబండి కట్టించుకొని పోతే పొద్దుమూకుతది. ఫట్‌ఫటి ఎక్కిన. ఎక్కేటప్పుడు తెలుసు నాకు, అయినా ఎక్కిన.

ఆ పూట దానికేం పూనిందో, ఎక్కడ ఆగలే. పల్లె ముందల దిగుడున్నది, దిగుడు కింద వాగు. బ్రేకు తొక్కిండు. బండి ఆగలే. ఈయన వీపు నా పక్కనే ఉన్నది, అది గట్టిగైంది. కల్వర్టు దగ్గర తొట్టి బండి నుంచి ఊడొచ్చింది. బండి ఒకదిక్కు, నేను ఒకదిక్కు. నేను పొలంల బురదల పడ్డ. ఈయన వాగు ఒడ్డున పడి లేచి నా దిక్కు ఉరికొచ్చిండు. బాగనే ఉన్న, నువ్వు బండి చూసుకో అన్న. సంచి పట్టుకొని నడిచిన. చెయ్యి సంగతి చెప్పలే, చెప్తే ఆడనే ఆలస్యమైతది.

ఎదురుకాళ్ల కాన్పుకు రెండు చేతులు కావాలె. నాకు ఒక్కటే ఉన్నది. కిష్టవ్వ అత్త సాయవ్వను చేతులు కడుక్కోమన్న, వేడినీళ్లతోని, సబ్బుతోని, మళ్లొక్కపారి. నేనెప్పుడు చెయ్యలేదమ్మా అన్నది. నా ఎడమ చెయ్యి నువ్వే, నేనేం చెప్తే అది చెయ్యి, గుంజకు, గుంజుమంటే గూడ మెల్లగ అన్న. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. బిడ్డ తల దగ్గర ఆగింది. అప్పుడు నాకు దేవుడు గూడ యాదికి రాలే, దిగుడు మీద బ్రేకే యాదికొచ్చింది. తల బయటికి వచ్చేసరికి బిడ్డ నీలంగ ఉన్నది. ఏడువలే. నోట్ల గాలి ఊదిన, వీపు రుద్దిన, మళ్ల ఊదిన. సాయవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆఖరుకు పిల్లిపిల్ల లెక్క ఒక్క కూత.

ఆడపిల్ల. తల్లి గూడ బాగనే ఉన్నది.

బయటికొచ్చిన. ఈయన అరుగు మీద కూసున్నడు, మోకాళ్లు గీరుకపోయినయి. బండికి ఏం కాలే, హ్యాండిల్ ఒక్కటే వంగింది అన్నడు. అప్పుడు నా చెయ్యి చూసిండు. లేచి నిలబడ్డడు.

ఇంటికి ఎడ్లబండిల వచ్చినం.


4 ఆగస్టు, శనివారం

చూడవచ్చినోళ్లందరు ఒక్కటే మాట. పాసైన బండి గద, గిట్లెట్లయింది, అంత తలరాత అంటున్నరు. ఆ కాయిదం గోడకు వేలాడబట్టి రాత మీదికి పోయింది నేరం.

ఈయన తొట్టిని మళ్ల బండికి కడుతుండు. తీగతోని. ఈపారి గట్టిగున్నది చూడు అన్నడు.

చూడలే.


14 ఆగస్టు, మంగళవారం

ఇన్స్‌పెక్టర్ సాబు మళ్ల వచ్చిండని తెలిసింది. ఈయన దుకాణానికి పోయినంక, చెయ్యి మెడకు కట్టిన జోలెల ఏసుకొని బంగళకు పోయిన.

మా బండిని మళ్ల చూడున్రి, ఫెయిల్ చెయ్యున్రి అన్న. ఆయన అర్థంగానట్టు చూసిండు. పాస్ చెయ్యిమని కాళ్లు మొక్కినోళ్లను చూసిన, ఫెయిల్ చెయ్యిమని వచ్చినోళ్లను చూడలేదమ్మా అన్నడు ఉర్దూల. నేను చూసిన్నాడు బ్రేకు ఉండె గద అన్నడు. ఉండె, అది జగదీశ్వర్ గారి బండి బ్రేకు అని చెప్పిన. ఆయన ముఖం ఎర్రగైంది. భర్త మీద షికాయతు చేస్తున్నవు, ఆలోచించుకో అన్నడు.

ఆయన మీద చెప్తలేను, బండి మీద చెప్తున్న అన్న.

నా ఎనుకనే మా వాకిట్లకు వచ్చిండు. తీగ చూసిండు, బ్రేకు తొక్కిండు. సీదా దుకాణానికి పోయి, ఫ్రేముల నుంచి కాయిదం తీయించి తీస్కపోయిండు. బజారంత చూసింది. ఈయన ఇంటికొచ్చి, నువ్వు పోయినవా అని అడిగిండు. పోయిన అన్న.


16 ఆగస్టు, గురువారం

జపాన్ ఓటమి ఒప్పుకున్నదట, లడాయి అయిపోయిందని బజార్ల అంటున్నరు. ఈయన ఇంకా మాట్లాడుతలేడు.


2 సెప్టెంబర్, ఆదివారం

మూడొద్దుల సంది వాకిట్ల బండి మొత్తం ఊడదీసి పెట్టిండు. పాత జంపఖానా నిండ నట్లు, బోల్టులు, చైను. కోళ్లు వాటి మధ్యల తిరుగుతున్నయి. కసువూడ్చే జాగ లేదు. నా పాణానికి ఇదొకటి.

ఇయ్యాల చాయ్ పెట్టి పక్కకు పెట్టిన. తలెత్తకుంటనే, నీ కోసమే కొన్న గద అన్నడు. తెలుసు, అందుకే పోయిన అన్న. నేను పోయి చెప్పకపోతే ఇంకొకరెవరన్న ఎక్కుదురు, లేకుంటే నేనే మళ్ల ఎక్కుదును అన్న.

పానా కింద పెట్టిండు. ఆనాడు బ్రేకు తొక్కితే కాలు కింద ఏం లేదు విమలా అన్నడు. అంత ఉత్తదే. ఇప్పుడు గూడ పండుకుంటే కాలు కిందికి పోతున్నట్టు దిగ్గున లేస్తున్న అన్నడు. నాకు తెల్వదు ఆ సంగతి. నా చెయ్యి నొప్పితోనే నేనున్న.

చాయ్ చల్లారిపోయింది. మళ్ల పెట్టిన.


9 అక్టోబర్, మంగళవారం

మళ్ల తనిఖీ. నేను గూడ పోయిన. కొత్త లైనింగు, కొత్త బోల్టులు. బ్రేకు మంచిగనే పట్టింది. ఇన్స్‌పెక్టర్ సాబు పెన్ను తీసిండు.

ఈయన ఆగుమన్నడు. ఎండల బ్రేకు పడుతది గని తడిస్తే పట్టదు సాబ్ అన్నడు. బకిట్ల నీళ్లు తెచ్చి తనే చక్రం మీద పోసిండు. పట్టలే.

ఫెయిల్.

నడుపుకుంట పోవద్దన్నరు. ఈయన నన్ను తొట్టిల కూసోమన్నడు. కూసున్న. బజారంత చూస్తుంటే ఇంటి దాంక తోసిండు.